గోగులపాడు బోరింగు తీర్మానం

మా గోగులపాడు వాళ్ళంత తెలివైనవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరండీ. ఆ మాట మేమే చెప్పుకోవాల్సి వస్తోంది, పక్కూళ్ళ వాళ్ళకి అది గ్రహించే తెలివి కూడా లేదు కాబట్టి.

మా హనుమాయమ్మ పిన్నికి మోకాళ్ళ నొప్పులు. వాళ్ళ వీధి బోరింగు పాడైపోతే, పాపం, కాలవ దాకా వెళ్ళి బిందె మోసుకొస్తోంది. ఇంట్లో నెలలు నిండిన కూతురు. పుట్టే బిడ్డకి కాలవ బురదనీళ్ళు పొయ్యలేను, కొత్త బోరింగు వేయించండి నాయనా అని కనిపించిన వాణ్ణల్లా బతిమాలింది. గ్రామసభ పెట్టించాం. కొత్తగా వచ్చిన సెక్రటరీ గారు బోరింగు కావాలన్నవాళ్ళని చేతులెత్తమన్నారు. ఊరంతా ఎత్తాం. ఆయన రాసుకుని, ఇస్తామని చెప్పి, బండెక్కి వెళ్ళిపోయారు. దించమని మాత్రం చెప్పలేదు. అంతే.

దించేద్దామా అంటే మా సర్పంచి సింహాద్రి గారు గయ్యిమన్నారు. "ఎత్తినందుకే కదయ్యా ఇస్తామన్నారు. దించితే వద్దన్నట్టే."

ఎంత ముందుచూపో చూశారా. ఇంకేముంది, ఎత్తిన చేతులతోనే ఇళ్ళకొచ్చాం. అన్నం తినిపించమందామంటే మా ఆవిడ చేతులూ పైనే. ఇద్దరం కంచాల్లో మూతులు పెట్టి తిన్నాం. పాలు పితికేవాళ్ళు లేక గేదెలు ఒకటే అరుపు. రోడ్డు మీదికెళితే వచ్చిన బస్సల్లా ఆగడం, మేం ఎక్కకపోతే కండక్టరు తిట్టడం. తిడితే తిట్టాడు, చెయ్యి మాత్రం దించలేదు.

చివరికి మేస్త్రీ బోరింగు తెచ్చాడు. గొట్టం పట్టుకోమంటే పట్టుకునేవాడు లేక, గొణుక్కుంటూ ఒక్కడే బిగించుకున్నాడు. పిన్ని కుంటుకుంటూనే పరుగున వచ్చి కొట్టింది. నీళ్ళు దూకాయి. మేమంతా ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాం. కొట్టాక చూసుకుంటే ఏముంది, చేతులన్నీ కిందే ఉన్నాయి.

మాకు తెలివే కాదు, నీతి కూడా ఉందండీ. వద్దన్నాక ఉంచుకోకూడదు. అంతే, తలో చెయ్యీ వేసి బోరింగు ఊడబీకి మేస్త్రీ వ్యానులో పడేశాం. పిన్ని ఏడ్చింది గానీ, ముందు చెయ్యి దించింది తనేగా, ఏమంటుంది?

సెక్రటరీ గారు తల పట్టుకుని మళ్ళీ సభ పెట్టారు. "బాబ్బాబు, ఈసారి చేతులెత్తకండి. బోరింగు కావాలంటే నోటితో సరే అనండి, చాలు."

అన్నాం. ఎప్పుడు ఆపాలో ఆయన చెప్పలేదు. ఇంకేముంది, ఊరంతా సరే, సరే. అన్నం నములుతూ సరే, నిద్దట్లో సరే. నేనిలా మీతో మాట్లాడుతున్నానంటే, నా వంతు సరేలు కూడా మా ఆవిడే అంటోంది.

ఇవాళ పొద్దున పిన్ని కూతురికి నొప్పులు మొదలయ్యాయి. అదే సమయానికి మేస్త్రీ బోరింగుతో వచ్చాడు. పిన్ని ముఖం వెలిగిపోయింది. కానీ మేస్త్రీకి మా మీద నమ్మకం పోయింది. వ్యాను దిగకుండానే అడిగాడు.

"పక్కూరి వాళ్ళు ఈ బోరింగు మాకిమ్మంటున్నారు. మీకొద్దంటే వాళ్ళకే వేసేస్తాను. వేసెయ్యనా?"

పిన్ని కళ్ళనిండా నీళ్ళతో మావైపు చూసింది. మేమంతా ఒక్క గొంతుతో అన్నాం.

"సరే."

పిన్ని కూడా సరే అంది. వ్యాను వెళ్ళిపోయింది. బిందె చంకనెత్తుకుని, సరే సరే అనుకుంటూ పిన్ని కాలవకేసి నడిచింది. మేం మాత్రం ఇంకా ఆపలేదండీ. ఆపితే బోరింగు వద్దన్నట్టే కదా.