చివరి పెరుగుముద్ద

"గవ్వా... ఒసేయ్ గవ్వా, ఎక్కడ దూరావే?" అంటూ సూరమ్మ గిన్నె పట్టుకుని పెరడంతా వెతుకుతోంది. తెల్లటి గవ్వలా ఉండే ఆ మూడు నెలల కుక్కపిల్ల నీళ్ల తొట్టి వెనక ముడుచుకుని పడుకుంది. దానికి మళ్లీ విరేచనాలు.

రావులపాలెంలోని ఆ ఇంట్లో సూరమ్మ, కోడలు ఇందుమతి ఉండేవారు. ఇందుమతి మంచి పిల్లే, కానీ మనసులో ఉన్నది పైకి చెప్పే అలవాటు లేదు. ఆమె భర్త గోవర్ధన్ అరటిగెలల లారీ నడిపేవాడు. లోడుతో వెళితే పది పదిహేను రోజులకు గాని వచ్చేవాడు కాదు. ఇంట్లో ఉన్న రోజున మాత్రం తన కంచంలో చివరి పెరుగుముద్ద ఇందుమతి చేతిలో పెట్టందే లేచేవాడు కాదు.

గవ్వను తెచ్చింది అతనే. "నేను వచ్చేదాకా ఇది నీకు తోడు" అన్నాడు ఇందుమతితో.

దాని పొట్ట సున్నితం. పశువుల డాక్టరు చూసి, "మెత్తటి అన్నం, ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, కాస్త గుమ్మడికాయ, అంతే. పాలూ పెరుగూ, మీరు తినేవేవీ పెట్టకండి" అన్నాడు. సూరమ్మ రోజూ అలాగే వండేది. అయినా తగ్గలేదు.

గుమ్మడికాయ పడటం లేదేమోనని అది మానేసింది. తర్వాత కోడిమాంసం మానేసింది. చివరికి వట్టి గంజి మిగిలింది. గవ్వ డొక్కలు లోపలికి పోయాయి.

"ముగ్గురు పిల్లల్ని సాకాను. కుక్కకు కూడు వండటం రాలేదంటే మా చెల్లెలు నవ్విపోతుంది" అంది సూరమ్మ. తనే నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం గోవర్ధన్ ఫోన్ చేశాడు.

"అసలేం పెడుతున్నావమ్మా దానికి? ఎల్లుండి వస్తున్నా. తగ్గకపోతే తెచ్చినచోటే ఇచ్చేస్తా. మన చేతుల్లో పోవడం దేనికి?"

"నా చెయ్యే మంచిది కాదేమోరా" అంది సూరమ్మ. ఫోన్ పెట్టేసి, గవ్వ గిన్నె కడిగి బోర్లించింది. "ఇక నేను వండనమ్మాయ్. నువ్వే చూసుకో."

ఇందుమతి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. రోజూ మధ్యాహ్నం పెరటి గుమ్మంలో కూర్చుని తినేది. చివరి ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోయేది. గోదారి గాలి వచ్చేది. దూరంగా ఏ లారీ హారన్ మోగినా అతనిదే అనిపించేది. కాదని తెలిశాక ఆ ముద్ద గొంతు దిగేది కాదు. ఆవకాయ అంటి ఎర్రబడిన ఆ పెరుగుముద్దను గవ్వ నోటికి అందించేది. అది వేళ్లు నాకుతుంటే, ఆయనే పక్కన కూర్చున్నట్టు ఉండేది.

ఇప్పుడు గవ్వ తలెత్తి ఆ వేళ్ల వైపే చూస్తోంది.

"అత్తయ్యగారూ, మీ వంటలో తప్పు లేదు. నా కంచంలో పెరుగుముద్ద రోజూ దానికి నేనే పెట్టాను."

సూరమ్మ కోడలి వైపు తిరిగింది. "డాక్టరు వద్దన్నప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావుగా" అంది.

"ఉన్నాను. దాని ఆకలి చూసి పెట్టలేదు అత్తయ్యగారూ. ఆయన లేకుండా ఆ ముద్ద నాకు దిగటం లేదు."

మన దిగులును నోరు విప్పి మనవాళ్లకు చెప్పుకోవాలి గాని, నోరులేని ప్రాణికి తినిపించకూడదు.