తడి మట్టి సాకు

తన నీడను కూడా నిలదీసే రాజు ఒకడుండేవాడు. వాన కురిసిన ఓ రాత్రి రాణిగారి వడ్డాణం మాయమైంది. తెల్లారగానే తోటల అధికారి విరూపాక్షుడు రాజును నేరుగా మాలి నూకాలు దగ్గరకు తీసుకొచ్చాడు.

"ప్రభూ, తోటంతా తవ్విన ఈ మనిషి ఈ ఒక్క మడిని మాత్రం ముట్టుకోలేదు. వడ్డాణం దీని కిందే ఉంది."

మాలి గోళ్లలో మట్టి ఉందని భటులు కూడా గుసగుసలాడారు. రాజు కత్తి మీద చెయ్యి వేశాడు. "ఎందుకు తవ్వలేదే?"

"మిగతావి వానకు ముందే తవ్వాను బాబూ. ఇది తడిసి ముద్దయింది. ఇప్పుడు పార వేస్తే ఎండాక రాళ్లలా గడ్డకడుతుంది, ఆరేదాకా ఆగాలి. అయినా చూడండి, గడ్డి వేరు కూడా కదల్లేదు. మట్టి కదపకుండా వడ్డాణం ఎలా పాతిపెడతాను?"

"అంతా సాకు," అని విరూపాక్షుడు నవ్వాడు. "తవ్వడానికి తడేమిటి, పొడేమిటి?"

"అయితే ఈ మడి తవ్వించండి బాబూ," అంది నూకాలు. "అలాగే అధికారిగారి పెరట్లో మందారం కింద కూడా. పొద్దున వస్తూ చూశాను, అక్కడెవరో తడి మట్టిని తిరగేశారు. మాలి అన్నవాళ్లెవరూ ఆ పని చెయ్యరు."

విరూపాక్షుడి నవ్వు ఆగిపోయింది. "అక్కడ వద్దు ప్రభూ. మట్టి ఇంకా తడిగా ఉంది."

రాజు నూకాలు పార అందుకుని అతని చేతికే ఇచ్చాడు.