ఏటి దుప్పుల పొరుగు స్నేహం

ఆ అడవికి సింహం ఒక్కడే దొర. ఏ మందకు ఎవరు పెద్దగా ఉండాలో కొండ మీద అతనే తేల్చేవాడు. పక్క అడవితో ఏ మాటైనా అతని నోటితోనే సాగాలి. కొండ మీద ఊట ఏడాదంతా పారుతుంది కనుక ఎండాకాలమంటే ఏమిటో దొరకు తెలియదు. తెలిసిందల్లా ఏటి ఒడ్డున బతికే దుప్పులకే. ఫాల్గుణం దాటితే ఏటిలో ఇసక తప్ప చుక్క ఉండదు. నిరుడు అయిదు పిల్లలు దాహంతో ఆ ఇసకలోనే పడిపోయాయి. అందులో ఒకటి మంద పెద్ద నూకాలు కన్నబిడ్డ.

ఏటి అవతల అడవి ఏనుగులది. అవి ఇసకను లోతుగా తవ్వి చెలమలు తీస్తాయి, వాటిలో నీళ్ళు ఊరతాయి. ఇవతల దుప్పుల దగ్గర ఉప్పు చవుడు నేల ఉంది, అదంటే ఏనుగులకు ప్రాణం. చవుడిచ్చి నీళ్ళు తెచ్చుకోవచ్చుగా అని నూకాలుకు తోచింది. దొరే మాట్లాడిపెట్టాలని మూడుసార్లు కొండెక్కింది. మూడుసార్లూ దొర నిద్రలో ఉన్నాడన్నారు. నాలుగోసారి కొలువులో ఉండే నక్క నవ్వుతూ ఎదురొచ్చింది.

"మీరే వెళ్ళి మాట్లాడుకోండమ్మా, దొర కాదనరు. స్నేహం అనండి, ఒప్పందం అని మాత్రం అనకండి. నేనూ వెంట వస్తాను, ఊరికే చూడ్డానికి."

నూకాలు పొంగిపోయింది. పిచ్చిది, దొర తనను నమ్మాడనుకుంది.

అవతల ఒడ్డున ఏనుగుల పెద్ద గంగాలు తొందరపడే రకం కాదు. బేరం నచ్చిందట, నీళ్ళూ ఇస్తారట, కానీ ఒక సంగతి తేలాలంది. "మీ అడవిలో మాట ఇచ్చేది సింహమేనని విన్నాను. నీ మాట ఎంతవరకు చెల్లుతుంది చెల్లీ?"

అక్కడే నూకాలు నోరు జారింది. నా మందకు నేను పెద్దను, నా మంద తరఫున చెబుతున్నాను అంటే సరిపోయేది. అలా అంటే ఎక్కడ చిన్నబోతానో అని భయం. పక్కన కొలువు నక్క ఉందన్న ధీమా ఒకటి. "నా మాటంటే దొర మాటే అక్కా" అనేసింది. నక్క అవుననలేదు, కాదనలేదు, తోక సర్దుకుంది. ఆ ఏటి వాళ్ళ ఆనవాయితీ ప్రకారం ఒకే చవుడు గడ్డను ఇద్దరూ నాకారు. దాంతో మాట ఖాయమైంది.

చలికాలమంతా ఏనుగులు వచ్చి చవుడు తిని వెళ్ళాయి. ఏనుగులు ఏ రేవున దాటతాయో, గంగాలును ఎలా మెత్తబరచాలో నక్కకు కంఠతా వచ్చేసింది.

చైత్రంలో ఏరు ఎండింది. నూకాలు కొత్తగా పుట్టిన తొమ్మిది పిల్లల్నీ, వాటి తల్లుల్నీ వెంటబెట్టుకుని ధైర్యంగా ఇసక దాటింది. చెలమ ముందు రెండు మగ ఏనుగులు అడ్డంగా నిలబడ్డాయి. గంగాలు మొహమాటపడుతూనే వచ్చి జరిగింది చెప్పింది. నెల కిందట సింహమే నక్కను తీసుకుని దిగివచ్చాడట. చవుడు నేల మొత్తం ఏనుగులకు ఇచ్చేసి, బదులుగా ఏటి అవతల వేటాడుకునే హక్కు పుచ్చుకున్నాడట.

"అది మా చవుడక్కా" అంది నూకాలు.

"మీ దొర తనదన్నాడు. నీ మాట దొర మాటేనని నువ్వే చెప్పావు. ఇప్పుడు దొరే వచ్చి చెబితే నేను ఎవరి మాట వినాలి? చవుడు మాకు వచ్చేసింది. నీళ్ళకు బదులు నువ్విక ఏమిస్తావు?"

నూకాలు దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. నీటి వాసనకు పిల్లలు ముందుకు ఉరకబోతే తల్లులే వాటిని వెనక్కి తోశాయి.

నూకాలు కొండెక్కి నక్కను నిలదీసింది. సాక్షిగా ఉన్నావు కదా, దొర ముందు చెప్పమంది.

"నేను చూడ్డానికే వచ్చానమ్మా, మాట్లాడ్డానికి కాదు. అయినా దొరకు మీ మీద ఎంత అభిమానమో తెలుసా? దారి తెరిచింది మీరేనని మెచ్చుకుని, పొరుగు స్నేహాల పెద్ద అని మీకు బిరుదు ఇచ్చారు."

పిల్లలు ఒక్క పూట ఊటలో తాగుతాయని నూకాలు బతిమాలింది. ఊట కొలువుకే సరిపోవడం లేదని నక్క చెప్పింది.

నూకాలు కొండ దిగి ఒడ్డుకు చేరేసరికి తొమ్మిదింట్లో ఆరే నిలబడి ఉన్నాయి. బిరుదు సంగతి నూకాలు ఎవరికీ చెప్పలేదు.

దొర నోరు అరువు తెచ్చుకుని పొరుగుకు మాట ఇస్తే, ఆ మాటను అమ్ముకునే హక్కు కూడా దొరదే అవుతుంది.