వదిలేసిన చరణం

పుస్తకమంతా అయిపోయింది. ఒక్క అధ్యాయమే ఇందుమతికి కొరుకుడు పడలేదు. అది తన అమ్మమ్మ సువర్ణాంగి గురించి.

ఇందుమతి కాకినాడలో కాలేజీ లెక్చరరు. పుట్టింది కళావంతుల ఇంట. గుళ్ళల్లోనూ, జమీందారుల కొలువుల్లోనూ ఆడి పాడిన కుటుంబాలవి. దేవదాసీ నిషేధ చట్టం వచ్చి గజ్జె ఆగిపోయాక చాలామంది ఊళ్ళు మారారు, ఇంటిపేర్లు మార్చుకున్నారు. ఆ మాటెత్తడమే మానేశారు. తనైనా ఉన్నదున్నట్టు రాయాలని ఇందుమతి పూనుకుంది. ముసలివాళ్ళను వెతికి పట్టుకుంది. వాళ్ళ చేత పాడించుకుంది. ఎవరింటి సంగతీ దాచకుండా రాసింది.

తన గడప దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

సువర్ణాంగి ఒక జమీందారు దగ్గర ఏళ్ళ తరబడి ఉంది. పెళ్ళి లేదు. పిల్లలున్నారు. ఇందుమతి తల్లి ఆ పిల్లల్లో ఒకతె. చివరికి ఆ జమీందారు మొహాన సువర్ణాంగే తలుపు వేసేసింది. మళ్ళీ తియ్యలేదు. పాఠాలు చెప్పుకుని పిల్లల్ని పెంచింది.

"ఊరందరి గురించీ రాశావు, నేనేమైనా అన్నానా?" అన్నాడు అన్నయ్య భాస్కరరావు. ఆయన కూతురికి మంచి సంబంధం వచ్చింది. రేపో మాపో తాంబూలాలు. "మనింటి సంగతి మాత్రం వద్దు. నీకది పుస్తకం. పిల్లకది బతుకు."

ఇందుమతి జమీందారు మాటెత్తకుండా, అన్నయ్య కోరినట్టే రాసింది.

ఆదివారం ఆ కాగితాలు పట్టుకుని రామచంద్రపురంలో గంగారత్నం ఇంటికి వెళ్ళింది. గంగారత్నం ఇందుమతికి అభినయం నేర్పే గురువు, వరసకి పిన్ని. ఎనభై దాటాయి. ఆవిడకి విద్య చెప్పింది సువర్ణాంగే.

భాస్కరరావు కూడా వెంట వచ్చాడు. అటునుంచటే పెళ్ళికొడుకు వాళ్ళింటికి వెళ్ళాలి. పెళ్ళికొడుకు మేనమామ వీధిలో కారులో కూర్చుని ఉన్నాడు. గది కిటికీ ఆ వీధిలోకే.

"సువర్ణాంగి దైవానికే అంకితమైన సాధ్వి. ఆలయ ప్రాకారం దాటి ఎరగదు..." ఇందుమతి చదువుతోంది. ఎంత వేగంగా చదివితే అంత త్వరగా అయిపోతుందన్నట్టు చదువుతోంది.

గంగారత్నం కళ్ళు మూసుకుని వింది. భాస్కరరావు ఆవిడ మొహం వంకే చూస్తున్నాడు. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, చెల్లెలు మొదటికొస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"భాష బాగుంది" అంది గంగారత్నం. "పాఠం చేద్దామా?"

"ఇప్పుడా పిన్నీ? బయట పెద్దమనిషి కూర్చున్నాడండీ" అన్నాడు భాస్కరరావు.

"ఒక్క పదం. ఎంతసేపు?"

గంగారత్నం చాపమీద సర్దుకుంది. వాళ్ళ పద్ధతిలో పదాన్ని, అంటే నాయిక పాటని, కూర్చునే అభినయిస్తారు. మొహమూ, చేతులే.

"తలుపు తీసితి గాని తరలిపోవోయి సామి..."

రెండు చేతులతో తలుపు తీసింది. పొద్దుటినుంచీ ఎదురుచూసిన మనిషి గుమ్మంలో ఉన్నట్టు ఆ ముడతల మొహం వెలిగింది. మరుక్షణం కళ్ళు చల్లబడిపోయాయి. తలుపు మూసింది. గడియ పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు చెయ్యి."

ఇందుమతి ఈ పదం ఎప్పుడూ వినలేదు. అయినా చేసింది. తలుపు తీసింది, నవ్వింది, మూసింది.

"ఎందుకు మూశావు?"

"కోపం వచ్చి."

"దేనికి కోపం?"

"తెలీదు పిన్నీ."

"మళ్ళీ."

మళ్ళీ చేసింది. ఈసారి మరీ అన్యాయంగా ఉంది. ఇంటికొచ్చిన మనిషి మొహాన ఊరికే తలుపు వేసే గయ్యాళిలా ఉంది. తనకే తెలుస్తోంది.

"మధ్యలో ఇంకేమీ లేదా పిన్నీ?"

"ఉంది. చరణం ఉంది. వదిలేశాను."

"ఎందుకూ?"

"బయట పెద్దమనిషి కూర్చున్నాడుగా."

ఇందుమతి పక్కన పెట్టిన కాగితాల వంక చూసింది. వీధిలో కారు హారన్ మోగింది. భాస్కరరావు విసురుగా లేచి కిటికీ రెక్క మీద చెయ్యి వేశాడు.

"ఉండనీరా, ఉక్కపోస్తోంది" అంది గంగారత్నం, ఆయన వంక చూడకుండానే. "మళ్ళీ, ఇందూ."

ఇందుమతి మళ్ళీ చేతులెత్తింది. తలుపు తీసింది. చూపు ఎక్కడ నిలపాలో తెలియలేదు. మూయబోయింది.

"అలా కాదే!" అన్నాడు భాస్కరరావు.

అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. ఇద్దరూ ఆయన వంక తిరిగారు.

"ఊరికే మూసేస్తే ఎలా... ముందు ఆయన ఎద వంక చూడాలి..."

కిటికీ వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి, పెదవుల మధ్యనే పాడాడు.

"ఎదపైన ఆ గంధ మెవ్వతె పూసెరా
నా గడప తొక్కేటప్పుడైన కడిగి రారాదా..."

కుడిచెయ్యి తొడమీద తాళం వేస్తోంది. అది ఆయన గమనించుకోలేదు.

"నీకెవరు నేర్పార్రా?" అంది గంగారత్నం.

"ఎవరూ నేర్పలేదు. అమ్మమ్మ వంటింట్లో పాడుకునేది. నేను పీటమీద కూర్చుని వినేవాణ్ణి."

గంగారత్నం చెయ్యి కదిపింది. ఇందుమతి మళ్ళీ తలుపు తీసింది. గుమ్మంలో మనిషిని నిండా ప్రేమతో చూసింది. చూపు మెల్లగా అతని ఎదమీదికి దిగి, అక్కడ ఆగింది. చాలాసేపు ఆగింది. ఈసారి తలుపు మూస్తుంటే ఆ మొహంలో కోపం లేదు. భాస్కరరావు తల తిప్పుకున్నాడు.

ఇందుమతి కాగితాలు ఒళ్ళోకి తీసుకుని, మొదటి వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. అన్నయ్య చూశాడు. ఆపలేదు.

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి పొడుగ్గా.

"ఆయనకేం చెప్పమంటారు పిన్నీ?" అన్నాడు భాస్కరరావు, దాదాపు గుసగుసగా.

"అది తర్వాత. ముందు ఇంకోసారి పాడు" అంది గంగారత్నం. "ఆ చరణం గొంతు తగ్గించి పాడేది కాదు."