పాలు తాగని కుందేలు పిల్ల, పూర్ణాలు ముట్టని రాజు

అనగనగా, చందమామలోని కుందేళ్ళు వెన్నెల పట్టుకుని కిందికి జారి, జొన్నచేలల్లో కాసేపు ఆడుకుని వెళ్ళే రోజుల్లో, గుమ్మడికోట అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని మహీధరుడు అనే రాజు ఏలేవాడు. మనసు వెన్న. కడుపు మాత్రం రాజుగారి కంటే ముందే సభలోకి వచ్చేది. పొద్దున పూర్ణాలు, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం మళ్ళీ పూర్ణాలు. తిండి తరవాత ఆయనకున్న సరదా ఒక్కటే, డేగతో వేట.

ఒకనాడు తెల్లారగానే రాజు డేగని వదిలాడు. అది జొన్నచేను మీద గిరికీలు కొట్టి, ఒక కుందేలుని పట్టి చంపింది. రాజు సంబరంగా దగ్గరికి వెళ్ళాడు. చూస్తే ఆ పక్కనే గడ్డిలో ఒక పసికూన. అప్పుడే పుట్టినట్టుంది, ఒళ్ళింకా తడిగా ఉంది. నేరేడు పళ్ళలాంటి కళ్ళు విప్పి రాజునే చూస్తోంది.

రాజు అక్కడే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తలపాగా విప్పి, ఆ పిల్లని అందులో పడుకోబెట్టి కోటకి తెచ్చాడు.

"దీని తల్లి నా వల్ల పోయింది. ఇది పాలు తాగేదాకా నేను పచ్చి గంగైనా ముట్టను," అని నిండు సభలో ఒట్టు పెట్టుకున్నాడు.

మన రాజుగారా, పస్తుండడమా అని సభలో వాళ్ళు నవ్వు ఆపుకున్నారు.

ముందు ఆస్థాన వైద్యుడు వచ్చాడు. బంగారు గిన్నెలో ఆవుపాలు, అందులో కుంకుమపువ్వు, తేనె. కుందేలు పిల్ల ఒక తుమ్ము తుమ్మి మొహం తిప్పుకుంది. వైద్యుడు వెండి చెంచాతో నోరు తెరిచి పోశాడు. పాలు ముక్కులోకి పోయి, పాపం అది ఉక్కిరిబిక్కిరైపోయింది.

తరవాత మంత్రి వచ్చాడు. పట్టు ఊయల కట్టించాడు. వేణువు ఊదించాడు, జోలపాటలు పాడించాడు. పిల్ల గడగడా వణికింది.

"మన పాట దానికి వినపడటం లేదు కాబోలు. ఇంకా గట్టిగా పాడండి," అన్నాడు మంత్రి.

పొద్దు వాలేసరికి కుందేలు పిల్ల చెవులు చల్లబడ్డాయి. కళ్ళు మూసుకుంది. రాజు దాన్ని చెంపకి ఆనించుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆకలికి మబ్బులు కూడా పూర్ణాల్లాగే కనిపిస్తున్నాయి. అయినా ఒట్టు ఒట్టే.

సరిగ్గా అప్పుడు బీరమ్మ అనే గొర్రెలకాపరి వంటింటికి పెరుగు ముంత తెచ్చింది. చూస్తే పొయ్యి వెలగలేదు.

"ఏమయ్యా, రాజుగారి ఇంట్లో పొయ్యి ఆరిందేం?" అని వంటవాణ్ణి అడిగింది. అతను జరిగిందంతా చెప్పాడు.

బీరమ్మ పొయ్యి వెనక్కి తొంగి చూసింది. అక్కడ తట్టలో వంటింటి పిల్లి, దాని రెండు పిల్లలు. వెంటనే కుందేలు పిల్లని అక్కడికి తెమ్మంది. రాజూ వచ్చాడు, వైద్యుడూ వచ్చాడు.

"పిల్లి నోటికి అందిస్తావా?" అని వైద్యుడు కసిరాడు.

"తల్లి లేని గొర్రెపిల్లకి ఇంకో గొర్రె పాలియ్యాలంటే, ఆ గొర్రె సొంత పిల్ల వాసన తల్లి లేనిదానికి పట్టిస్తాం సామీ. మా మందలో అదే పద్ధతి."

"పిల్లి తినేస్తే?" అన్నాడు రాజు.

"తింటే ఆ పాపం నాది. ఊరుకుంటే మాత్రం దీపాలు పెట్టే వేళకి ఇది ఉండదు దొరా."

రాజు ఆలోచించి, పిల్లని ఆమె చేతికి అందించాడు.

బీరమ్మ పిల్లి పిల్లలు పడుకున్న పాత గుడ్డ తీసి, కుందేలు పిల్లని ఒళ్ళంతా తుడిచి, తట్టలో పెట్టింది. పిల్లి వాసన చూసింది. తల చూసింది, తోక చూసింది. అంతలో గుర్రుమని పెద్ద శబ్దం. పిల్లి చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది రాజుగారి కడుపు.

"దొరా, మీ కడుపుని కాస్త బయటికి తీసుకెళ్ళండి," అంది బీరమ్మ గుసగుసగా.

రాజు మునివేళ్ళ మీద బయటికి నడిచి, రోలు మీద కూర్చున్నాడు. కాసేపటికి లోపలి నుంచి చప్‌చప్‌మని సన్నటి చప్పుడు.

"తాగుతోంది దొరా," అంటూ వచ్చింది బీరమ్మ. "పిల్లికి లెక్కలు రావు. వాసనే వచ్చు."

ఆ పూట రాజు పద్దెనిమిది పూర్ణాలు తిన్నాడు.

నెల తిరిగింది. కుందేలు గరిక కొరుకుతోంది, వంటిల్లంతా గెంతుతోంది. రాజు ముచ్చటపడి దాని మెడకి బంగారు మువ్వ చేయించాడు. బీరమ్మని పిలిపించి, "ఏం కావాలో కోరుకో అమ్మా," అన్నాడు.

"ఆ మువ్వ ఇప్పించండి."

ఇచ్చాడు. బీరమ్మ తిన్నగా వెళ్ళి దాన్ని డేగ కాలికి కట్టింది.

"మువ్వ కుందేలుకుంటే నక్క వింటుంది దొరా. డేగకుంటే కుందేళ్ళు వింటాయి. ఇక దీన్ని చేలో వదిలేద్దాం."

రాజు మొహం చిన్నబోయింది. అయినా తనే ఎత్తుకెళ్ళి జొన్నచేలో దించాడు. కుందేలు మూడు గంతులేసి మాయమైంది.

"ఒక్కసారైనా వెనక్కి చూడలేదు," అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ.

"చూడనంత బాగా పెంచాం దొరా," అంది బీరమ్మ.

కాబట్టి పిల్లలూ, దిక్కులేని ప్రాణిని చేరదీస్తే మనకి ముద్దొచ్చింది కాదు, దానికి కావలసింది ఇవ్వాలి. దానికి కావలసింది జొన్నచేనే అయితే, జొన్నచేనే ఇవ్వాలి.