పద్దెనిమిది ఊపిర్లు

తబితకు ఒక్క సంతకం కావాలి. ఆ సంతకం పడితే నర్సుగా పద్నాలుగేళ్ళ చాకిరీ, డాక్టరేటు చదువుకు పెట్టిన నాలుగేళ్ళు ఒడ్డున పడతాయి. ఆ తర్వాత ఆమె ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్. అంటే డాక్టరు కోసం ఎదురుచూడకుండా, పసిబిడ్డ నుంచి ముసలమ్మ దాకా ఇంటిల్లిపాదినీ తనే చూసి, తనే మందు రాసే మనిషి. సాయంత్రం ఐదింటికల్లా కాగితాలు కాలేజీలో అందాలి.

సంతకం పెట్టాల్సింది మేట్రన్ సలోమమ్మ. ఆవిడంటే మాటలా. తుఫాను ఏడాది మిషన్ ఆసుపత్రి పైకప్పు లేచిపోతే, ఎడమ చేత్తో తలుపు అదిమిపట్టి, కుడి చేత్తో ఒక్క పూటలో నలభై కాన్పులు చేసింది. నలభయ్యో బిడ్డ కూడా పుట్టాకే గాలివాన తగ్గింది, అంతకుముందు తగ్గే ధైర్యం దానికి లేకపోయింది. వరండాలో ఎవడైనా దగ్గితే మూడో వార్డులోంచే విని, వాడికి కుడి పక్క నిమ్ము చేరిందని చెప్పేది. ఎక్స్‌రే తీసే అతను ఆవిణ్ణి చూడగానే మిషనుకు గుడ్డ కప్పేసి టీకి వెళ్ళిపోయేవాడు.

అలాంటి మనిషి రిటైరై ఇప్పుడు కాలువ గట్టు పక్కన రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. కాలేజీ తరఫున తబిత పనిని పర్యవేక్షించేది ఆవిడే. చదువులో భాగంగా చూడాల్సిన రెండువందల నలభై కుటుంబాలను తబిత అప్పటికే చూసేసింది. చివరగా ఒక ఇంటికి పన్నెండు వారాలు వరసగా వెళ్ళి, పరీక్ష చేసి, వారానికో కాగితం రాయాలి.

"నా ఇంటికే రా. నా కుటుంబంలో నేనొక్కదాన్నేగా, నీకు పని తేలిక" అంది సలోమమ్మ మూడు నెలల కిందట.

ఇవాళ పన్నెండో వారం. తబిత వచ్చీ రాగానే ఆవిడ వీపు వెనక తలగడలు సర్దింది, బీపీ పట్టీ చుట్టింది, థర్మామీటరు పెట్టింది. నోరు ఆగలేదు, చెయ్యీ ఆగలేదు. పది నిమిషాల్లో కాగితం నిండింది.

"రేపట్నుంచి నన్ను డాక్టర్ తబితా అని పిలవాలి అమ్మగారూ. నన్ను వార్డులో నోరెత్తనివ్వని ఆ పెద్ద డాక్టరు, నేను రాసిన చీటీ చూసి తలాడించాలి."

"ఆడిస్తాడులే. ముందు ఆ కాగితం ఇటివ్వు."

సలోమమ్మ చదివి, ఒక అంకె మీద వేలు పెట్టింది.

"ఇదేంటి?"

"ఊపిరి. నిమిషానికి పద్దెనిమిది."

"ఎప్పుడు లెక్కపెట్టావ్?"

తబిత నవ్వేసింది. "ఊపిరి ఎవరు లెక్కపెడతారు అమ్మగారూ. ఎక్కడైనా పద్దెనిమిదే రాస్తారు. మన ఆసుపత్రిలో పోయినవాళ్ళ చార్టులో కూడా పద్దెనిమిదే."

సలోమమ్మ నవ్వలేదు. రవికకు పిన్నీసుతో తగిలించుకున్న నర్సు వాచీ విప్పి తబిత ఒళ్ళో పెట్టి, చెయ్యి చాపింది.

శిక్షణలో మొదటి రోజు ఆవిడ నేర్పిన పద్ధతే అది. లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి ఊపిరి తీరు మార్చేస్తాడు. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, కళ్ళు మాత్రం గుండెల మీద పెట్టాలి. నిండా ఒక నిమిషం.

తబిత మణికట్టు పట్టుకుంది. అర నిమిషానికే పద్దెనిమిది దాటింది. నిమిషానికి ముప్ఫై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టింది. ముప్ఫై ఎనిమిదే.

"ఎప్పట్నుంచి?" అంది.

"నాలుగో వారం నుంచి. పడుకుంటే ఊపిరాడదు."

"లేవండి. పెద్దాసుపత్రికి పోదాం."

"మొన్న గుండె డాక్టరు ఇంటికొచ్చి చూసి వెళ్ళాడు. రెండు నెలల ముందు పిలిచుంటే ఏదైనా చేసేవాణ్ణన్నాడు."

"నాకొక్క మాట చెప్పలేదేం అమ్మగారూ?"

"రోగి చెబితే రాసుకోవడానికి డాక్టరేటు దేనికే?"

తబిత చూపు ఆవిడ వీపు వెనక్కి పోయింది. మొదటి వారం అక్కడ ఒక్క తలగడ ఉండేది. ఇవాళ నాలుగు. నాలుగూ సర్దింది తనే.

సలోమమ్మ పెన్ను మూత తీసి ఇచ్చింది. "నువ్వు ఏ అంకె ఉంచితే దాని కింద సంతకం పెడతా."

తబిత పద్దెనిమిది కొట్టేసి, ముప్ఫై ఎనిమిది వేసింది. సలోమమ్మ తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగింది.

తబిత మిగతా పదకొండు కాగితాలు తీసింది. అన్నింటా పద్దెనిమిదే. కొట్టేయగలదు గాని, పక్కన వేయడానికి అంకె లేదు. వాటి కింద, సంచిలో, రెండువందల నలభై కుటుంబాల కట్ట ఉంది, అందులోనూ అందరి ఊపిరీ పద్దెనిమిదే.

కాలేజీ మూసే వేళయింది. తబిత లేవలేదు.

సలోమమ్మ ఆ కట్ట వంక చూసి, ఊపిరి కూడదీసుకుని అడిగింది.

"వాళ్ళ మంచాల మీద తలగడలెన్నో గుర్తుందా?"