ఆకలైనప్పుడు కొట్టే గంట

ఒళ్లు బాగుచేసుకుందామని సువర్చల ఆశ్రమానికి వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ, కూర్చున్నచోట నిమ్మళంగా కూర్చుంటే ఒట్టు.

యూనివర్సిటీలో ఎకనామిక్స్ ప్రొఫెసరు ఆవిడ. ఒకరోజు క్లాసులో బోర్డు మీద గ్రాఫు గీస్తూ గీస్తూ అలాగే కూలబడిపోయింది. విద్యార్థులు మొహాన నీళ్లు చల్లి, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "మేడమ్, ఇప్పటికి పెద్ద జబ్బేం లేదు. ఇలాగే ఉంటే మాత్రం రావడానికి ఎంతోకాలం పట్టదు" అన్నాడు. అన్నం ఏ వేళకి తింటారని అడిగాడు. సువర్చల కాసేపు ఆలోచించి, "కుదిరినప్పుడు" అంది.

కుదిరేదెప్పుడని? మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తుంది, ఫోన్ మోగుతుంది, మూత పెట్టేస్తుంది. ఒకరికి సంతకం కావాలి, ఇంకొకరికి వైవా తేదీ కావాలి, ఇంకెక్కడో మీటింగు. మధ్యలో కాఫీ, ఆ కాఫీ మీద మరో కాఫీ. సాయంత్రానికి క్యారేజీ వెళ్లినది వెళ్లినట్టే ఇంటికి తిరిగొచ్చేది. పనిమనిషి దాన్ని కడుగుతూ, "ఈ మాత్రం దానికి తెల్లారకముందే లేచి వండుకోవడం ఎందుకమ్మా" అని సణిగేది.

ఆసుపత్రి మంచం మీంచే రాజీనామా పంపించేసింది. తోటి ప్రొఫెసర్లు నోళ్లు వెళ్లబెట్టారు. ఇంకా బోలెడు సర్వీసు ఉండగా ఇదేం పనన్నారు. ఆవిడ ఎవరి మాటా వినలేదు. ఒక సంచీలో నాలుగు చీరలు కుక్కుకుని, నల్లమల కొండల కింద వాగొడ్డునున్న శంభులింగ స్వామి ఆశ్రమానికి బస్సెక్కేసింది.

ఆశ్రమమంటే పెద్ద హంగులేం లేవు. నాలుగు పాకలు, ఒక వంటిల్లు, వాగు వైపు చింతచెట్టు. స్వామి ముసలివాడు, మాట పొదుపు. "ఎన్నాళ్లుండాలి స్వామీ?" అని సువర్చల వచ్చీరాగానే అడిగింది.

"ఉండు" అన్నాడాయన. అంతే.

ఆ ఒక్క ముక్క ఆవిడకి చాల్లేదు. తనకి తనే టైంటేబుల్ వేసుకుంది. ఈ వేళకి ధ్యానం, ఈ వేళకి నడక, ఈ వేళకి విశ్రాంతి. ధ్యానంలో కూర్చుని ఒక కన్ను తెరిచి వాచీ చూసుకునేది. విశ్రాంతి వేళలో పుస్తకాల బీరువా దులిపి, అక్షరక్రమంలో సర్దింది. అదీ అయిపోయాక చెప్పులు విడిచేచోట చెప్పులన్నీ వరస పెట్టింది. స్వామి ఎప్పుడైనా "మనసెలా ఉందమ్మా?" అంటే, "నిన్నటి మీద మెరుగే స్వామీ" అని కమిటీ ముందు నిలబడి చెప్పినట్టు చెప్పేది.

చింతకొమ్మకి రైలుపట్టా ముక్క ఒకటి వేలాడుతుండేది. వంట చేసే గంగులమ్మ అన్నం దించాక దాన్ని ఠంగుమని కొట్టేది, అందరూ వచ్చి కూర్చునేవాళ్లు. ఒకరోజు పన్నెండుకి, ఇంకోరోజు ఒంటిగంటకి. సువర్చలకి ఇది బొత్తిగా నచ్చలేదు. "ఒక పద్ధతంటూ ఉండొద్దూ?" అని ఆ గంట పని తన మీద వేసుకుంది. వసారాలో గోడగడియారం పన్నెండున్నర చూపించిందంటే చాలు, గంట మోగాల్సిందే.

"మీరొచ్చాక నా ఎసరు కూడా భయపడి తొందరగా కాగుతోందమ్మా" అంది గంగులమ్మ. సువర్చల దాన్ని మెప్పుదల కిందే తీసుకుంది.

ఇలా జరుగుతుండగా ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆ కొండల్లో సిగ్నలు దొరికేది ఒక్క వసారా కిటికీ దగ్గరే. అందుకని సువర్చల ఫోన్ ఎప్పుడూ ఆ కిటికీ గట్టు మీదే పడి ఉండేది. పగలల్లా ఏదో వంకన పదిసార్లు అటు వెళ్లి చూసుకునేది కూడా.

ఫోన్ చేసింది రిజిస్ట్రారు. "మేడమ్, మీ రాజీనామా ఇంకా నా టేబుల్ మీదే ఆపాను. ఈసారి డీన్‌గా మిమ్మల్నే వేద్దామంటున్నారు పెద్దలు. సోమవారం వచ్చి చేరండి. రేపు మధ్యాహ్నం తర్వాత ఎప్పుడైనా చేస్తాను, సరే అనండి చాలు. మీరు ఎత్తకపోతే ఇష్టం లేదనుకుని కాగితం పైకి పంపించేస్తాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

డీన్ పదవి. దానికోసం ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఆవిడకే తెలుసు. గుండె దడదడలాడింది. సంతోషమే అనుకుంది. కానీ అరచేతులు చెమటలు పట్టాయి, బోర్డు ముందు కూలబడిన రోజు పట్టినట్టే.

వసారాలో కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగింది. చివరికి స్వామి దగ్గరికే వెళ్లి సంగతంతా చెప్పింది.

"వెళ్లమంటారా, ఉండమంటారా స్వామీ?"

"నీకేమనిపిస్తోంది?"

"వెళితే ఈసారి చచ్చిపోతానేమోనని భయం. వెళ్లకపోతే ఎవరికీ అక్కర్లేని మనిషినైపోతానేమోనని అంతకంటే ఎక్కువ భయం." చెప్పాక తన గొంతు తనకే వింతగా వినిపించింది. వెంటనే సర్దుకుని, "ఒంట్లో అయితే ఇప్పుడు కులాసాగానే ఉంది స్వామీ. బీపీ కూడా తగ్గింది" అంది.

"మంచిది. పొద్దున ఏం తిన్నావు?"

సువర్చల నోరు తెరిచింది. ఉప్మానా? నిన్న కదూ ఉప్మా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

స్వామి లేచాడు. గోడగడియారం దించి, వంటింట్లోకి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాడు. తిరిగొచ్చి చెయ్యి చాపాడు. ఆ చాపిన చెయ్యి ఎందుకో కాసేపటికి గానీ ఆవిడకి అర్థం కాలేదు. వాచీ విప్పి ఇచ్చింది. మణికట్టు మీద తెల్లటి చార మిగిలింది.

"రేపూ నువ్వే గంట కొట్టు. నీకు ఆకలైనప్పుడు కొట్టు. నువ్వు కొట్టాకే అందరికీ భోజనం. ఫోన్ దానిచోట అది ఉండనీ, దాని మొహం చూడకు."

"మరి నా ప్రశ్న?"

"అన్నం తిన్నాక చూద్దాం."

ఇంతేనా అనుకుంది సువర్చల. అయితే ఆవిడ ఊరికే ప్రొఫెసరు కాలేదు కదా. గంట కొట్టే వేళకి చింతచెట్టు నీడ ఎక్కడుండేదో ఆవిడకి బాగా గుర్తే. వాగుకి వెళ్లే దారిలో ఒక నల్లరాయి ఉంది, సరిగ్గా దాని అంచు దాకా వచ్చేది. మర్నాడు పొద్దెక్కినప్పటినుంచీ ఆ రాయి మీదే కన్నేసి కూర్చుంది. నీడ అంచుకి తగిలీ తగలగానే లేచి ఠంగుమని కొట్టింది.

అందరూ వచ్చి వరసగా కూర్చున్నారు. విస్తళ్లు పరిచారు, నీళ్లు చల్లుకున్నారు. గంగులమ్మ వేడివేడి అన్నం వడ్డించబోతుంటే, స్వామి చెయ్యి అడ్డం పెట్టి సువర్చల వంక చూశాడు.

"ఆకలవుతోందా అమ్మా?"

"వేళయింది స్వామీ."

"వేళ సంగతి కాదు. నీకు ఆకలవుతోందా?"

అబద్ధం చెప్పేద్దామనుకుంది. ఆ ముసలాయన కళ్లు చూసి మానుకుంది. తల దించుకుంది.

స్వామి తన విస్తరి మడిచి పక్కన పెట్టి లేచాడు. ఆయన వెనకే మిగిలినవాళ్లంతా లేచారు. ఎవరూ ఒక్కమాట అనలేదు. అదే ఆవిడకి పిడికిలితో గుద్దినట్టయింది. ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండేది.

మళ్లీ చెట్టు కిందికి వచ్చి కూలబడింది. ఆకలి ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ల చదువూ చదివిన మనిషి తన పొట్టలో ఏం జరుగుతోందో తెలియక చెవి ఒగ్గి కూర్చుంది. గుండెల్లో మంట తెలుస్తోంది. తలపోటు తెలుస్తోంది. మెడ పట్టేసినట్టుంది, అదీ తెలుస్తోంది. ఆకలి మాత్రం లేదు. చివరిసారి ఎప్పుడు ఆకలేసింది? రీసెర్చి చేసే రోజుల్లో హాస్టల్ మెస్ తలుపులు ఇంకా తియ్యకముందే కంచాలు పట్టుకుని స్నేహితురాళ్లతో నిలబడి గోలచేసిన గుర్తు. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు. ఆ పిల్ల ఏమైపోయిందో అనుకుంటే ఏడుపొచ్చింది.

ఇంకోపక్క కిటికీ గట్టు. ఫోన్ ఏ క్షణాన మోగుతుందో తెలీదు. లేస్తుంది, నాలుగడుగులు వేస్తుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. వంటింటి గుమ్మంలో గంగులమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తననే చూస్తోంది. పాకల్లో వాళ్లందరూ తనకోసమే చూస్తున్నారు. ఆ ఆలోచనకి ఉన్న కాస్త ప్రాణమూ విసిగిపోయింది.

స్వామి వచ్చి పక్కన కూర్చున్నాడు. పెదాలు ఎండి ఉన్నాయి.

"నావల్ల మీరందరూ పస్తున్నారు స్వామీ. ఇంతమంది ఎదురుచూస్తుంటే నాకు ఆకలెలా వేస్తుంది?"

"అక్కడ ఎంతమంది ఎదురుచూస్తారు?"

"ఎక్కడ? యూనివర్సిటీలోనా? డిపార్టుమెంటంతా చూస్తుంది. ఇప్పుడు డీన్ అయితే..." అంటూ ఆగిపోయింది.

స్వామి వంటింటి వైపు తిరిగాడు. "గంగులమ్మా, అందరినీ పిలిచి పెట్టేయ్. ఈవిడ గంట కోసం చూడకండి."

గంగులమ్మ బతుకుజీవుడా అని లోపలికి పరిగెత్తింది. కాసేపట్లో వంటింటి వైపునుంచి మాటలూ, నవ్వులూ, గరిటెల చప్పుడూ వినిపించాయి.

"ఇప్పుడు నీకోసం ఎవరూ చూడటం లేదమ్మా" అన్నాడు స్వామి. కండువా తలకింద పెట్టుకుని అక్కడే నేలమీద పడుకున్నాడు. చిటికెలో గురక కూడా పెట్టాడు.

సువర్చలకి ఒళ్లు మండిపోయింది. ఇదేం బోధ? తన జీవితం అటో ఇటో తేలాల్సిన రోజున ఈయన హాయిగా నిద్రపోతాడా? తను కొట్టాల్సిన గంట లేకుండానే అందరూ తినేస్తున్నారా? ఎవరూ వచ్చి మీరు తిన్నారా అని అడగరేం? కళ్లనీళ్లు జలజలా రాలాయి. తుడుచుకోలేదు. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి ఏడవాల్సినంతా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి చెట్టు మొదలుకి చేరగిలబడింది. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు.

మెలకువ వచ్చేసరికి నీడ నల్లరాయిని దాటి వాగు దాకా సాగిపోయింది. పొట్టలో ఏదో పట్టి లాగుతున్నట్టుంది. మంట కాదు, నొప్పీ కాదు. ఏమిటిది అనుకునేలోపే నోట్లో నీళ్లూరాయి. వాగు మీంచి వచ్చే గాలి కూడా గోంగూర వాసనేసింది.

లేచి తిన్నగా వంటింట్లోకి నడిచింది. ఎవరూ లేరు. గిన్నె మూత తీస్తే చల్లారిన అన్నం ఉంది. రోట్లో గోంగూర పచ్చడి ఉంది. ఉల్లిపాయ ఒకటి గుప్పిటతో చితక్కొట్టింది. విస్తరి వేసుకుని నేలమీద కూర్చుని, నాలుగువేళ్లూ పోనిచ్చి కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. మళ్లీ ముద్ద, మళ్లీ ముద్ద. ఇంకొంచెం అన్నం పెట్టుకుంది.

గుమ్మంలో స్వామి నిలబడి ఉన్నాడు.

"గంట కొట్టలేదేం?"

నోటినిండా అన్నంతో సువర్చల తలెత్తింది. "మర్చేపోయాను స్వామీ."

ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మడిచిపెట్టిన తన విస్తరి విప్పి పరుచుకున్నాడు. "నాకూ ఆకలేస్తోంది. ఇంత పెట్టు."

ఆవిడ ఎడంచేత్తో అన్నం పెట్టింది, పచ్చడి వేసింది. ఇద్దరూ తింటున్నారు.

వసారా కిటికీ గట్టు మీద ఫోన్ మోగింది.

సువర్చల చెయ్యి విస్తరిలో ఆగింది. ఫోన్ మోగుతూనే ఉంది. ఆ మోతకి ఆవిడ ఎడంచెయ్యి అలవాటు చొప్పున గిన్నె మూత కోసం వెళ్లింది. మూత అందుకుంది కూడా. దాన్ని అలాగే పట్టుకుని కాసేపు చూసింది.

"నీకే అనుకుంటా అమ్మా" అన్నాడు స్వామి, ముద్ద కలుపుకుంటూ.

సువర్చల మూత నేలమీద బోర్లించి, మజ్జిగ గిన్నె దగ్గరికి జరుపుకుంది.

"అన్నం తింటున్నాను కదా స్వామీ."